మాయకు హద్దు గీయండి



ఫాంటసీ కథలు, నవలలు రాయాలనుకునేవాళ్ళ కోసం ఈ ప్రసంగం. మన పెద్దవాళ్ళు వీటిని జానపద కథలన్నారు, మాయామంత్రాల కథలన్నారు. పేరేదైనా, ఈ తరహా రచనకు కూర్చున్న కొత్త రచయిత ముందుగా చేసే పని ఒకటుంది. తన మాంత్రికుడు ఏమేం చేయగలడో రాసుకుంటాడు. గాలిలో ఎగరగలడు, నిప్పు కురిపించగలడు, రూపం మార్చగలడు, చచ్చినవాణ్ణి లేపగలడు. నోటుపుస్తకంలో పది పేజీలు నిండుతాయి. కథ మాత్రం కదలదు. అన్నీ చేయగలిగినవాడికి అడ్డేముంటుంది? అడ్డు లేనిచోట కథకు పనేముంటుంది? అందుకని మాంత్రికుడు ఏం చేయలేడో ముందు తేల్చుకోండి. ఈరోజు నేను మీతో చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. మిగిలినవన్నీ దీని వెంట వచ్చేవే.

బేతాళ కథల్నే చూడండి. 11వ శతాబ్దంలో సోమదేవుడు సంస్కృతంలో రాసిన కథాసరిత్సాగరంలో ఆ కథలు 25. మన చందమామ ఆ 25తో ఆగలేదు. అదే చట్రంలో కొత్త కథలు అల్లించి దశాబ్దాల పాటు నెలనెలా వేసింది. ఆ చట్రం అంతకాలం ఎలా నిలిచింది? బేతాళుడి శక్తుల వల్ల కాదు. అతను చేసేదల్లా శవంలో దూరి కథ చెప్పడమే. నిలబెట్టినవి రెండు షరతులు. శవాన్ని మోసుకెళ్ళే రాజు విక్రమార్కుడు నోరు విప్పితే మౌనం భంగమై శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. జవాబు తెలిసి కూడా నోరు విప్పకపోతే రాజు తల పగిలిపోతుంది. ఈ రెండింటి మధ్య విక్రమార్కుడు ఇరుక్కున్నాడు. ఇంకో సంగతి గమనించండి. జవాబు తెలియని రాజైతే నిశ్చింతగా శవాన్ని మోసుకుపోవచ్చు. విక్రమార్కుడికి తెలుసు కాబట్టే ఆగిపోతున్నాడు. అతని వివేకమే అతని పనికి అడ్డం పడుతోంది. మనిషిలోని మంచి గుణమే అతన్ని ఇబ్బందిలో పెట్టేలా షరతు అల్లడం కథకుడి పనితనంలో చాలా పైమెట్టు. దీన్ని మన పిల్లలు రచన నేర్చుకునే వయసు రాకముందే వినేస్తున్నారు. పెద్దయ్యాక దాని విలువ గుర్తుపట్టకపోవడమే నాకు బాధ.

బాలనాగమ్మ కథ కూడా అలాంటిదే. 1942లో జెమినీ వాళ్ళు సినిమాగా తీయడానికి చాలా ముందే అది బుర్రకథగా, నాటకంగా ఊరూరా తిరిగింది. మాయల ఫకీరు మనుషుల్ని రాళ్ళు చేయగలడు, రాణిని ఎత్తుకుపోగలడు. కానీ అతని ప్రాణం అతని ఒంట్లో లేదు. సముద్రాల అవతల ఒక చిలకలో ఉంది. ఆ చిలక లేకపోతే బాలనాగమ్మ కొడుకు, పసివాడైన బాలవర్ధికి దారే లేదు, ప్రయాణమే లేదు. ఫకీరు ఎంత బలవంతుడో చెప్పడానికి కథకుడికి నాలుగు మాటలు చాలాయి. అతని బలహీనత ఎక్కడుందో చెప్పడానికి సగం కథ పట్టింది. కొలతలు అలాగే ఉండాలి.

1951లో వచ్చిన పాతాళభైరవికి మూలం మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల్లో ఉంది. కె. వి. రెడ్డి గారు తీశారు, పింగళి నాగేంద్రరావు గారు రాశారు. అందులో పాతాళభైరవి దేవత బొమ్మ అడిగినదల్లా ఇస్తుంది. అడిగినదల్లా ఇచ్చే వస్తువు ఏ కథనైనా చంపేస్తుంది. మరి అక్కడ ఎందుకు చంపలేదు? ఆ బొమ్మకు మంచిచెడ్డలు తెలియవు. ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాటే వింటుంది. కథానాయకుడు తోటరాముడికి మేడ కట్టిపెట్టిన బొమ్మే మాంత్రికుడి చేతికి చిక్కగానే ఆ సిరిని, రాకుమారిని కూడా రాముడికి దూరం చేస్తుంది. వరమిచ్చిన దేవత మీద కోపం తెచ్చుకోవడానికి లేదు, ఎందుకంటే ఆమె మాట తప్పలేదు. ప్రేక్షకుడికి భయం పుట్టేది అక్కడే.

అదే కె. వి. రెడ్డి, అదే పింగళి 1957లో మాయాబజార్‌కి వచ్చేసరికి ఇంకో మెట్టు ఎక్కారు. ప్రియదర్శిని అనే పెట్టె ఉంది చూడండి, తెరిచిన మనిషికి తన మనసుకు దగ్గరైనది అందులో కనబడుతుంది. శశిరేఖ చూస్తే అభిమన్యుడు కనిపించాడు. బలరాముడు చూస్తే దుర్యోధనుడు. రేవతికి నగలు. కృష్ణుడు తెరిస్తే శకుని! ఆ పెట్టె ఎవరినీ చంపదు, ఎవరినీ బతికించదు. ఒకే ఒక్క పని చేస్తుంది. కానీ ఆ ఇంట్లో ఎవరి మనసు ఎటుందో, ఎవరి మధ్య ముందుముందు ఏ తగాదా రాబోతోందో కొద్ది నిమిషాల్లో మనకు తెలిసిపోయింది. మీ కథలో మాయవస్తువు పెట్టదలచుకుంటే, అది ఎంత బలమైనదని కాక, దాని ముందు నిలబడ్డ మనిషి గురించి అది ఏం బయటపెడుతుందని ఆలోచించండి. నా మటుకు నాకు ఖడ్గాలు, గదలు, మంత్రదండాలన్నీ కలిపినా ఆ చిన్న పెట్టెకు సాటిరావు.

హద్దు ఒక ఎత్తు, వెల ఒక ఎత్తు. అమెరికా రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 1968లో ఎర్త్‌సీ అనే ద్వీపాల లోకం గురించి మొదటి నవల రాసింది. ఆ లోకంలో ప్రతి ప్రాణికీ, ప్రతి వస్తువుకీ ఒక అసలు పేరుంటుంది. ఆ పేరు తెలిసినవాడికి దాని మీద పట్టు దొరుకుతుంది. గెడ్ అనే కుర్రవాడు తన గొప్ప చూపించుకోవడానికి చేయకూడని మంత్రం చేస్తాడు. లోకానికి చిల్లు పడుతుంది. అందులోంచి ఒక నీడ బయటికొస్తుంది. ఆ చిల్లు మూయడానికి ఆశ్రమానికి పెద్దయిన ముసలి గురువు తన శక్తంతా ధారపోసి ప్రాణం విడుస్తాడు. కుర్రవాడు బతుకుతాడు, ముఖం మీద మానని మచ్చలతో. నవల మిగతా అంతా ఆ ఒక్క రాత్రికి చెల్లింపే. ఆమె ఆ నవల రాయడానికి ముందు ద్వీపాల పటం గీసుకుంది. పటం గీశాక ఏ దీవి నుంచి ఏ దీవికి పడవలో ఎన్ని రోజులో ఆమె తప్పించుకోలేని లెక్క అయింది. పటం కూడా ఒక హద్దే.

చూసిన ఉదాహరణలు చాలు. ఇప్పుడు మనమే ఒకటి అల్లుదాం.

అనంతపురం లాంటి నేల అనుకోండి. ఒక గుట్ట, గుట్టకు ఇటు పై ఊరు, అటు కింది ఊరు. పై ఊళ్ళో నీరుగంటి కుటుంబం ఒకటుంది. చెరువు నీళ్ళు ఎవరి మడికి ఎంతసేపు వదలాలో చూసే మనిషి నీరుగంటి. రాయలసీమ శ్రోతలకు నేను చెప్పనక్కరలేదు. ఆ ఇంటి ఆడపిల్ల ఓబులమ్మకు ఒక శక్తి ఉంది. ఎండిన బావి గట్టు మీద అరచెయ్యి ఆనిస్తే నీళ్ళు ఊరతాయి. ఇక్కడితో ఆపేస్తే ఒక పేజీ కథ. ఊరు సంబరపడింది, అయిపోయింది. ఇప్పుడు హద్దు గీద్దాం. ఓబులమ్మ నీళ్ళను పుట్టించలేదు. జరపగలదు, అంతే. ఇక్కడ చేదకు నీళ్ళందాయంటే ఇంకెక్కడో ఒక బావి అంత మేర కిందికి దిగిపోయినట్టు. ఏ బావి అన్నది మొదట్లో ఆమెకూ తెలియదు.

షరతు ఒక్కటే. దాని వెంట ఏమేం వస్తాయో చూడండి. గుట్ట అవతలి ఊరివాళ్ళు ఒక వేసవిలో అనుమానపడతారు. బావి లోపలి గోడకు సున్నంతో గీతలు పెట్టుకుంటారు. తెల్లారగానే గీతలు చూసి చెప్పడానికి ఒక మనిషిని పెడతారు. అతనికి ఇంటికింత గింజలు కొలిచి ఇవ్వాలి. ఆ గింజలు ఇవ్వలేని ఇంటికి నీళ్ళలో వాటా ఉంటుందా, ఉండదా? ఇక్కడొక తగాదా. ఆ ఊళ్ళో కొత్త తిట్టు పుడుతుంది, నీ బావి నడిచిపోను అని. పై ఊరితో వియ్యమందుకోవడానికి కొందరు భయపడతారు. ఇంకొందరు పట్టుబట్టి పై ఊరి పిల్లనే కోడలిగా తెచ్చుకుంటారు, ఆడబిడ్డ కాపురమున్న ఊరి నీళ్ళు పుట్టింటివాళ్ళు లాగరని ధైర్యం. పై ఊళ్ళో పెద్దమనుషులకు ఓబులమ్మ ఒకరి బిడ్డగా కనబడడం మానేసింది, ఊరి ఆస్తిగా కనబడుతోంది. ఆ పిల్లకు పెళ్ళి చేసి వేరే ఊరు పంపనిస్తారా? తండ్రి ఎదురు తిరుగుతాడా? తల్లి రాత్రిపూట ఏం చెబుతుంది? కాయకష్టం తప్ప ఏ శక్తీ లేని తమ్ముడు, అక్క వల్ల తమ ఇంటికొచ్చిన మర్యాద వదులుకోవడానికి ఒప్పుకుంటాడా?

ఒక మధ్యాహ్నం కింది ఊళ్ళో కాపురమున్న మేనత్త గుట్ట దాటి వస్తుంది. చంకలో ఖాళీ బిందె. "ఏమే ఓబులా, మా బావి నీళ్ళు చల్లగా ఉండాయా?" అని అడుగుతుంది. మీ నవల ఇక్కడ మొదలుపెట్టండి.

ఇందులో రాక్షసుడు లేడు, రాజ్యం లేదు, యుద్ధం లేదు. కావాలంటే తర్వాత వస్తాయి. ఈ షరతును నమ్మమని నేను మిమ్మల్ని బతిమాలనక్కర లేకపోయింది, గమనించారా? పక్క చేలో లోతుగా బోరు దింపితే తమ బావి ఎండిపోవడం కళ్ళారా చూసిన రైతులు తెలుగునాట ఎందరో ఉన్నారు. ఓబులమ్మ శక్తి కల్పన. దాని షరతు నిజం. మాయ ఎంత విడ్డూరమైనా కావచ్చు, దాని షరతును మాత్రం మన జనం పడ్డ కష్టంలోంచి తీసుకోండి. అప్పుప్రోనోటు, వలస, పంచాయతీ తీర్పు, కూలి బాకీ, వారసత్వపు పొలం గట్టు... వీటిలో ఒక్కోదాని వెనకా ఒక్కో ఫాంటసీ నవల కూర్చుని ఉంది. మన దగ్గర మంచులో గుర్రాలెక్కిన వీరుల గురించి తెలుగులో రాసే కుర్రవాళ్ళను చూశాను. వాళ్ళకు ప్రతిభ ఉంది. నల్లమల అడవి, కొల్లేరు లంకలు, పాపికొండల మలుపులు, గోల్కొండ సొరంగాల మీద అల్లుకున్న కథలు కాలినడక దూరంలో పెట్టుకుని వాళ్ళు తమకెన్నడూ తగలని చలి గురించి రాస్తున్నారు. ఆ చలి పేజీ మీదికి రావడం లేదు.

షరతు తేలాక రచయిత తప్పకుండా పాటించాల్సింది ఒకటుంది. చివరి అధ్యాయంలో కొత్త శక్తి పుట్టించకూడదు. కథానాయకుడు చావబోతున్నప్పుడు ఉన్నట్టుండి తాతగారిచ్చిన ఉంగరం వెలిగిందంటే, పాఠకుడు అంతవరకు పడ్డ ఆత్రుతంతా వృథా. గట్టెక్కే దారి కూడా ఆ హద్దులోంచే దొరకాలి. ఓబులమ్మ నీళ్ళను జరపగలదు కదా. ఆమె ఒక రాత్రి గుట్ట దాటి వెళ్ళి కింది ఊరి బావి గట్టు మీద చెయ్యి పెడితే? నీళ్ళు ఇటు నుంచి అటు నడుస్తాయి. తెల్లారాక తన ఊరు తనను ఏం చేస్తుందో తెలిసే ఆమె ఆ పని చేస్తుంది. కొత్త మంత్రం ఒక్కటీ అవసరం లేకపోయింది.

ఇంకో మాట. మీరు రాసుకున్న నియమాలన్నీ పాఠకుడికి మొదటి పేజీలోనే అప్పజెప్పకండి. పాత్ర ఆ నియమానికి తగిలి దెబ్బతిన్నప్పుడు పాఠకుడికి తెలియనివ్వండి. కాశీమజిలీ కథల్లో కాశీకి నడిచిపోయే మణిసిద్ధుడు కూడా వెంట వచ్చే గోపాలుడికి అంతా ఒకేసారి చెప్పడు. ఆ పిల్లవాడు దారిలో వింత చూసి అడిగితేనే, మజిలీ చేరాక కథ విప్పుతాడు. ముందు వింత, తర్వాత ప్రశ్న, ఆ తర్వాతే జవాబు.

ఇక భాష. దీని మీద మనవాళ్ళలో ఒక అలవాటు పాతుకుపోయింది. ఫాంటసీ అనగానే పాత్రలన్నీ పౌరాణిక నాటకంలోలాగా మాట్లాడతాయి. సేవకుడికీ సమాసాలే, పశువుల కాపరికీ సమాసాలే. పాఠకుడు రెండో పేజీకి అలిసిపోతాడు. దీనికి విరుగుడుగా కొత్తవాళ్ళు ఇంకో వైపు పోతున్నారు. మాంత్రికుడు, రాకుమారుడు కాలేజీ క్యాంటీన్‌లో కూర్చున్నట్టు మాట్లాడుకుంటారు. లెగ్విన్ 1973లో ఈ విషయం మీద ఒక వ్యాసం రాసింది. ఫాంటసీలో సంభాషణ తీసుకుని పేర్లు మార్చి నగరంలోని రాజకీయ నాయకుల నోట పెడితే చక్కగా అతికిందంటే, ఆ రచయిత ఇంకా తన అద్భుతలోకంలో అడుగుపెట్టలేదని ఆమె వాదన. వాక్యానికే ఒక దూరం ఉండాలంటుంది. నేను ఆమెతో సగం వరకే ఏకీభవిస్తాను. దూరం కావాలి, నిజమే. తెలుగులో ఆ దూరాన్ని సంస్కృత సమాసాలతోనే తేవాలని లేదు. కుమ్మరి, సాలె, జాలరి, గొర్రెలకాపరి మాట్లాడే మాటల్లో నగరం పాఠకుడు ఎన్నడూ వినని పలుకు ఎంతో ఉంది. అది అచ్చ తెలుగు, అర్థమయ్యేది, అదే సమయంలో మనల్ని రోజూ ఉన్నచోటు నుంచి కదిలించేది. శ్రీకాకుళం యాసలో మాట్లాడే యక్షుణ్ణి, పాలమూరు మాట మాట్లాడే మంత్రగత్తెను నేను చదవాలనుకుంటున్నాను. వెక్కిరింతకు కాదు, ఆ యాస గంభీరంగా పలికే కథలో.

సరళమైన వాక్యంతో అద్భుతం సాధ్యమేనా అని సందేహమున్నవాళ్ళు దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు తీసి చదవాలి. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, ఇలా వరసగా చందమామలో రాశారు. వాటి మీద ఆయన పేరు అచ్చు కాలేదు. లక్షల మంది పిల్లలు రచయిత ఎవరో తెలియకుండానే నెల నెలా ఎదురుచూశారు. వాక్యం చిన్నది. ఎవరు ఎటు నడిచారు, ఎదురుగా ఏం కనబడింది, ఏం చేశారు. వర్ణన కోసం కథ ఆగదు. ఆ పత్రికలో కొడవటిగంటి కుటుంబరావు గారు పట్టుబట్టి నిలిపిన తేట తెలుగు కూడా దీనికి కారణం. పేర్లు చూడండి: శిఖిముఖి, విక్రమకేసరి, ధూమకుడు, సోమకుడు. పలికితే నోరు నిండుతుంది, ఒకదానితో ఒకటి కలగాపులగం కావు. మీ పాత్రల పేర్లు బయటికి పలికి చూసుకోండి. రెండు పేర్లు ఒకే అక్షరంతో మొదలై ఒకేలా ముగుస్తుంటే ఒకటి మార్చేయండి.

ఆంగ్లంలో ఈ ప్రక్రియకు పెద్దదిక్కయిన టోల్కీన్ 1939లో ఇచ్చిన ఒక ఉపన్యాసాన్ని పెంచి రాసిన వ్యాసంలో ఆకుపచ్చ సూర్యుడి సంగతి ఎత్తాడు. ఆకుపచ్చ సూర్యుడు అని ఎవరైనా అనేయగలరు. ఆ సూర్యుడు ఉదయించడం సహజమే అనిపించే లోకాన్ని కట్టడానికి మాత్రం శ్రమ, ఆలోచన, ఒక రకమైన పనితనం కావాలని ఆయన భావం. ఆ మాటకు కట్టుబడ్డాడు కూడా. 1954, 55 సంవత్సరాల్లో మూడు సంపుటాలుగా వచ్చిన తన పెద్ద నవలలో, వేరువేరు దారుల్లో నడుస్తున్న పాత్రలకు ఒకే రాత్రి ఒకే చంద్రుడు కనబడేలా తిథులు సరిచూసుకుని, తేడా వచ్చినచోట తిరగరాశాడు. చదివేవాళ్ళలో నూటికి ఒక్కరు కూడా ఆ లెక్క చూడరు. కానీ లెక్క సరిపోయిన లోకంలో నడుస్తున్నప్పుడు పాదం తడబడదు. మీ ఓబులమ్మ అమావాస్య రాత్రి గుట్ట దాటితే, వారం తిరక్కుండా పున్నమి వెన్నెల రాయకండి.

మనకు ఈ పనితనం కొత్త కాదు. 16వ శతాబ్దంలోనే పింగళి సూరన కళాపూర్ణోదయం రాశాడు. బ్రహ్మ సరస్వతికి వినోదంగా చెప్పిన కథ భూలోకంలో మనుషుల బతుకై జరుగుతుంది. నలకూబరుడి రూపంలో మణికంధరుడు, రంభ రూపంలో కలభాషిణి, అసలు రంభ కూడా ఉండేసరికి ఇద్దరు రంభల పోట్లాట. ఏ ముడి ఎక్కడ వేశాడో, దాన్ని ఎక్కడ విప్పాడో వేలు పెట్టి చూపించవచ్చు. రూపం మార్చే వరం ఎంత చిక్కు తెచ్చిపెడుతుందో నేర్చుకోవాలంటే అంతకు మించిన పుస్తకం నాకు తెలియదు. పద్యాలకు జంకేవాళ్ళు వచనంలో కథాసారమైనా చదివి, తర్వాత మూలానికి రావచ్చు.

వింటున్నవారిలో రాయాలనే కోరిక ఉన్నవాళ్ళు ఎందరో ఉంటారు. మీకొక విన్నపం. ఈ వారం ఒక శక్తి ఎన్నుకోండి, ఒక్కటే. అది ఏం చేయలేదో, దానికి ఎవరు ఏం చెల్లించాలో ఒక కాగితం మీద నాలుగు వాక్యాల్లో రాయండి. మొదటి అధ్యాయం పూర్తయ్యాక పదేళ్ళ పిల్లనో పిల్లవాణ్ణో కూర్చోబెట్టుకుని బయటికి చదివి వినిపించండి. మరి అలా ఎందుకు చేయలేదు, ఇలా చేయొచ్చు కదా అని పిల్లలు అడుగుతారు. విసుక్కోకండి. అడిగినవన్నీ రాసుకోండి. వాటికి జవాబు మీ దగ్గర ఉంటే రెండో అధ్యాయం మొదలుపెట్టండి, లేకపోతే మొదటిదాన్ని సరిచేయండి. తెలుగులో పిల్లలకూ పెద్దలకూ కొత్త అద్భుత కథలు కావాలి, అవి మీరు రాయాలి.